గాయాల కొండ మీద రాసిన దీవెన

ఇటలీలోని టస్కనీ పర్వతాల్లో సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైగా ఎత్తులో లా వెర్నా ఆశ్రమం ఉంది. ప్రార్థన కోసమని 1213లో ఒర్లాండో అనే దొర అస్సీసీ ఫ్రాన్సిస్‌కు ఇచ్చిన కొండ అది. 1224 సెప్టెంబరులో అక్కడే ఫ్రాన్సిస్ దేహం మీద క్రీస్తు గాయాల గుర్తులు కలిగాయని కేథలిక్కులు నమ్ముతారు. కొండెక్కినవారు ఆయన పడుకున్న రాతి గుహ చూస్తారు, పైకి పొడుచుకొచ్చిన పెద్ద బండ కింద నిలబడతారు, ఆండ్రియా డెల్లా రొబ్బియా మలిచిన నీలం, తెలుపు మట్టి శిల్పాలను చూసి అబ్బురపడతారు.

‘అదంతా కేథలిక్కుల వ్యవహారం, మనకెందుకు?’ అని మనవాళ్లు తీసిపారేయడం మామూలే. యేసు ముద్రలు తన శరీరంలో ఉన్నాయని పౌలు రాసింది (గలతీ 6:17) సువార్త కోసం తిన్న దెబ్బల గురించేనని మనం బోధిస్తాం. గాయాలు నిజమా కాదా అన్న వాదన ఎప్పటికీ తేలదు. నా మట్టుకు, ఆ వాదన కన్నా విలువైనది ఆ కొండ మీదే పుట్టిన ఒక చిన్న చర్మపు కాగితం!

ఫ్రాన్సిస్‌తో ఉన్న సహోదరుడు లియో అప్పుడు తీవ్రమైన శోధనలో నలిగిపోతున్నాడు. అతని కోసం ఫ్రాన్సిస్ ఒకవైపు దేవుని స్తుతి, మరోవైపు దీవెన స్వహస్తాలతో రాసిచ్చాడు. స్తుతి అంతా దేవుణ్ణి ‘నీవు’ అని పిలవడమే. ‘నేను’ అన్న మాటే లేదు, గాయాల ఊసే లేదు! ఆ సంగతిని తర్వాత ఎర్ర సిరాతో చేర్చింది లియోనే. చిన్న దర్శనం కలిగితే చాలు, మరుసటి వారానికే పోస్టర్లు అంటించే మన సభల వాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఇంతకీ ఆ దీవెన ఏమిటి? సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో దేవుడు అహరోనుకు నేర్పినదే. ఆదివారం ఆరాధన చివర పాస్టరు చేతులెత్తి పలుకుతుంటే, బైబిలు సంచిలో సర్దుకుంటూ మనం సగం వినేది అదే! ఫ్రాన్సిస్ దాని కింద లియోను పేరు పెట్టి దీవించాడు. ఈ వారం దీవెన పలికే పాస్టర్లు కూడా, సంఘంలో నలిగిపోతున్న ఒక్కరి పేరైనా ముందు మనసులో తలచుకుంటే ఎంత బాగుంటుంది!

లా వెర్నాకు వెళ్లినవారికి ఆ కాగితం అక్కడ కనబడదు. లియో దాన్ని మడిచి తన దగ్గరే దాచుకున్నాడు. ఆ మడతల గుర్తులతోనే అదిప్పుడు అస్సీసీలోని ఫ్రాన్సిస్ బసిలికాలో ఉంది.