వెలగని ఎర్రదీపం

ఈ "యంత్రశాల ముచ్చట్లు" శీర్షికలో ఇంతవరకు డంపర్లు, క్రషర్లు, కన్వేయర్లు వంటి పెద్ద యంత్రాలను గురించే ఎక్కువగా ముచ్చటించాము. ఈ మాసం మాత్రం రెండు చేతుల్లో ఇమిడిపోయే ఒక చిన్న యంత్రాన్ని గురించి వ్రాస్తున్నాము. కారు ఇంజను పక్కన, బెల్టుతో పాటు తిరుగుతూ, ఎవరి కంటా పడకుండా తన పని తాను చేసుకుపోయే ఆల్టర్నేటర్ అది. దీనిని ఎంచుకోవడానికి మాకొక కారణమున్నది. చెప్పుకోవడానికి కొంత సంకోచంగా ఉన్నా, మన పొరపాటు మరొకరికి పాఠమైతే అంతకంటే కావలసినదేమున్నది?

కొన్ని సంవత్సరాల క్రితం, వర్షాకాలంలో, బచేలీలో ఉన్నప్పటి మాట. మా పాత చిన్న కారులో, బండి నడుస్తుండగా ముందున్న పలకపై బ్యాటరీ బొమ్మగల ఎర్రదీపం అప్పుడప్పుడు మిణుకుమనడం మొదలుపెట్టినది. ఒకనాటి ఉదయం ఇంజను లేవనేలేదు. దుకాణదారు బ్యాటరీ అయిపోయిందన్నాడు. మేము మారు మాట్లాడకుండా కొత్త బ్యాటరీ కొన్నాము. ఇంజను చక్కగా లేచినది. అంతేకాదు, ఆ ఎర్రదీపం వెలగడం కూడా పూర్తిగా మానివేసినది. రోగం కుదిరిందని సంతోషించాము.

వారం తిరగకుండానే మా నాన్నగారికి ఊపిరి అందని బాధ ఎక్కువైనది. చూసిన వైద్యులు జగదల్‌పూర్ తీసుకువెళ్ళడం మంచిదన్నారు. సాయంకాలం ఆరు దాటాక బయలుదేరాము. ముసురు పట్టి ఉన్నది. ముందు దీపాలు, వైపర్లు నిర్విరామంగా పనిచేస్తున్నాయి. దంతేవాడ, గీదం దాటి బాస్తానార్ ఘాట్ సమీపించేసరికి రోడ్డు మీది వెలుగు పచ్చబడినది. వైపర్లు అద్దంపై సగం దూరం పోయి ఆగుతున్నాయి. వెనుక సీటులో కూర్చున్న నాన్నగారు, "ఏరా, ఆముదపు దీపం పెట్టుకుని వెళుతున్నట్లున్నావు!" అన్నారు, ఆ ఆయాసంలోనే. మరి కాస్సేపటికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయినది.

చుట్టూ అడవి, వాన, చీకటి. ఆ అరగంట మాకు అరయుగమైనది. వెనుక నుండి వచ్చిన ఒక జీపు డ్రైవరు మా పరిస్థితి చూసి, తన బండిలోని సామాను ఒక మూలకు సర్ది, మమ్మల్ని ముగ్గురినీ ఎక్కించుకుని ఆసుపత్రి గుమ్మంలో దించి వెళ్ళాడు. ఆ తొందరలో అతని పేరైనా అడగలేకపోయాము. నాన్నగారికి వెంటనే ప్రాణవాయువు పెట్టారు. నాలుగు రోజులలో తేరుకున్నారు. ఆ నాలుగు రోజులూ మా మనస్సును తొలిచిన ప్రశ్న ఒక్కటే: కొత్త బ్యాటరీ ఎందుకు చచ్చిపోయినది?

దీనికి సమాధానం మన యంత్రశాలలో ముప్పై ఏళ్ళు విద్యుత్ పనులు చూసిన మేస్త్రి గారు ఒక్క మాటలో చెప్పారు. ఆయనది విజయనగరం వైపు. "అయ్యా, తమరు గాదె మార్చారు, పంట సంగతి చూడలేదు" అన్నారు.

నిజమే. బ్యాటరీ విద్యుత్తును దాచుకునే గాదె మాత్రమే. ఇంజను లేపేటప్పుడు ఆ గాదె నుండి కొంత తీస్తాము. ఆ తరువాత బండి నడిచినంతసేపూ దీపాలకు, వైపర్లకు, ఇంజనులోని స్పార్కుకు కావలసినదంతా పండించి, మిగిలినది తిరిగి గాదెలో పోసేది ఆల్టర్నేటర్. పంట ఆగితే ఎంత కొత్త గాదె అయినా ఖాళీ కావలసినదే.

అయస్కాంతానికీ తీగచుట్టకూ మధ్య కదలిక ఉంటే తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో నిరూపించాడు. కారులోని ఆల్టర్నేటర్ ఆ సూత్రం మీదనే నడుస్తుంది. లోపల తిరిగే రోటర్ ఒక విద్యుదయస్కాంతం. దాని చుట్టూ కదలకుండా నిలిచిన స్టేటర్‌లో మూడు తీగచుట్టలుంటాయి. రోటర్ తిరిగినప్పుడు వాటిలో మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. బ్యాటరీ దానిని స్వీకరించలేదు కనుక డయోడ్లు దానిని ఏకముఖంగా మారుస్తాయి. వోల్టేజి హద్దు మీరకుండా రెగ్యులేటర్ కాపలా కాస్తుంది. పూర్వపు కార్లలో డైనమో ఉండేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని ఉత్పత్తి చాలేది కాదు. చౌకగా, గట్టిగా ఉండే సిలికాన్ డయోడ్లు వచ్చిన తరువాతనే, 1960 దశకం నుండి, కార్లలో ఆల్టర్నేటర్ స్థిరపడినది.

ఒక ఆదివారం ఉదయం మేస్త్రి గారి ఇంటి వసారాలో మా ఆల్టర్నేటర్ బల్ల మీదికి ఎక్కినది. ఆయన వద్ద పని నేర్చుకుంటున్న దంతేవాడ ప్రాంతపు యువకుడు కూడా వచ్చాడు. ఇంట్లో గోండీ, బయట హిందీ మాట్లాడే ఆ అబ్బాయి మేస్త్రి గారి సాంగత్యంలో తెలుగు కూడా పట్టుకున్నాడు. బండి నుండి విప్పడానికి ముందే మేస్త్రి గారు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను తీయించారు. ఆల్టర్నేటర్‌కు వచ్చే లావు తీగలో ఎల్లవేళలా విద్యుత్తు ఉంటుంది. స్పానరు పొరపాటున ఇంజను ఇనుమును తాకితే నిప్పులు రాలుతాయి, చెయ్యి కాలుతుంది.

విప్పే ముందు ఆయన చేసిన మొదటి పని, రెండు చిప్పలకూ స్టేటర్‌కూ అడ్డంగా సుద్దతో ఒక గీత గీయడం. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలిస్తే చాలు, ఏది ఎటు అన్న సందేహం రాదు. తరువాత పుల్లీ నట్టు, పొడవాటి బోల్టులు తీసి చిప్పలను మెల్లగా విడదీశారు. మేము సుత్తి అందించబోగా వారించారు. "ఇరుసు చివర సుత్తితో కొడితే మర చెడుతుంది, బేరింగు గుంటలు పడుతుంది. పుల్లర్ ఉండగా సుత్తి ఎందుకండీ?" అన్నారు.

లోపల చూసి ఆశ్చర్యపోయాము. ఎర్రని ధూళి, పలుచని పేరిన బురదలా, ప్రతి సందులోనూ అంటుకుని ఉన్నది. బైలాడీలా అంటే ఎద్దు మూపురమని అర్థం. 1968లో గనులు మొదలైనప్పటి నుండి ఆ మూపురం నుండి ఇనుప ఖనిజాన్ని తవ్వి, కిరందుల్ – కొత్తవలస రైలుమార్గాన విశాఖపట్నానికి పంపుతూనే ఉన్నాము. ఆ హెమటైట్ పొడి మన బట్టల మీద, చెట్ల ఆకుల మీద కనిపిస్తుంది. యంత్రాల కడుపులో కూడా చేరుతుందన్న సంగతి మాత్రం మనకు స్ఫురించదు. ఆల్టర్నేటర్ చల్లబడడానికి బయటి గాలినే పీల్చుకుంటుంది. గాలితో పాటు ధూళి, వానాకాలంలో తేమ కూడా లోపలికి పోతాయి.

పరీక్ష క్రమంగా సాగినది. ముందు రోటర్. రెండు స్లిప్ రింగుల మధ్య మల్టీమీటర్ పెడితే మూడు ఓములకు కొంచెం ఎక్కువ చూపినది. అంటే లోపలి తీగ తెగలేదు. రింగుకూ ఇరుసుకూ మధ్య ఏ సంబంధమూ చూపలేదు. అంటే తీగ ఇనుమును తాకలేదు. తరువాత స్టేటర్. మూడు చుట్టలూ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నవి, ఇనుముతో కలియలేదు, వార్నిష్ మాడిన నలుపు గాని వాసన గాని లేదు. పిమ్మట టంకం కరిగించి డయోడ్లను విడిగా చూశారు. ఒక దిశలో విద్యుత్తును పోనిచ్చి ఎదురు దిశలో ఆపడమే డయోడ్ ధర్మం. రెండు దిశలా పోనిచ్చినా, రెండు దిశలా ఆపినా అది చెడినట్లే. మా డయోడ్లన్నీ మంచివే. వెనుక బేరింగును వ్రేళ్ళతో తిప్పితే ఇసుక నలిగినట్లు చప్పుడైనది. అది మార్చవలసినదే.

చివరకు బ్రష్షులు. తిరిగే రోటర్‌కు విద్యుత్తును అందించేవి ఈ రెండు చిన్న కార్బన్ ముక్కలే. వెనుకనున్న స్ప్రింగులు వాటిని స్లిప్ రింగుల మీద సున్నితంగా ఒత్తిపెడతాయి. పెన్సిల్ ములికి వలె రోజురోజుకూ అరుగుతాయి. మా వాటిలో ఒకటి బొడిపెలా మిగిలినది. రెండవది ఎర్ర బురదతో తన గూటిలోనే బిగుసుకుని, రింగును తాకకుండా వెనుకనే నిలిచిపోయినది. పక్కనే నిలబడి చూస్తున్న ఆ అబ్బాయి అప్పుడు మెల్లగా ఒక ప్రశ్న వేశాడు: "ఉస్తాద్, ఇంజను లేపకముందు, తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగేదా అని సార్‌ను అడగండి."

మా నోట మాట రాలేదు. వెలగలేదు. కొత్త బ్యాటరీ వేసిన నాటి నుండి అది అసలు వెలగనేలేదు.

మేస్త్రి గారు వివరించారు. మా కారు వంటి పాత ఏర్పాటులో, తాళం తిప్పగానే బ్యాటరీ నుండి కొద్దిపాటి విద్యుత్తు ఆ ఎర్రదీపం ద్వారానే బ్రష్షులకు, అక్కడి నుండి రోటర్‌కు పోతుంది. రోటర్ అయస్కాంతం కావడానికి అదే తొలి బలం. అందుకే ఇంజను లేవకముందు దీపం వెలగాలి, లేచిన తరువాత ఆరాలి. బ్రష్షు అరకొరగా తాకుతున్నన్నాళ్ళు దీపం మిణుకుమని మొర పెట్టుకున్నది. బ్రష్షు పూర్తిగా విడిపోయాక దారి తెగి, మొర పెట్టుకునే శక్తి కూడా పోయినది. ఆ మౌనాన్నే మేము ఆరోగ్యమనుకున్నాము!

పునర్నిర్మాణానికి పెద్ద వ్యయం కాలేదు. ఒక జత బ్రష్షులు, ఒక బేరింగు. వాటి ఖరీదు కొత్త బ్యాటరీ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ధూళిని మెత్తని కుంచెతో, పొడిగాలితో తీశారు. స్లిప్ రింగులను సన్నని గరుకు కాగితంతో మెరిపించారు. ఎమరీ కాగితం వాడనివ్వలేదు. దాని రేణువులు విద్యుత్తును పోనిచ్చేవి కావచ్చునని, సందులలో చిక్కుకుంటే కొత్త చిక్కు తెచ్చిపెడతాయని చెప్పారు. టంకం వేసేటప్పుడు డయోడ్ కాడను ముక్కు పట్కారుతో పట్టుకున్నారు. వేడిని పట్కారు పీల్చుకుంటుంది, డయోడ్ మాడదు. బ్రష్షులను గూటిలోకి నొక్కి, వెనుకనున్న సన్నని రంధ్రం గుండా ఒక తీగముక్క దూర్చి అక్కడే నిలిపారు. చిప్పలు కలిపి, సుద్దగీత సరిచూసి, బోల్టులు బిగించాక ఆ తీగముక్కను లాగితే బ్రష్షులు రెండూ 'టక్కు'మని రింగుల మీద వాలాయి. ఆ చిన్న శబ్దం మా చెవులకు ఎంత ఇంపుగా ఉన్నదో చెప్పలేము.

కారుకు బిగించి, బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కితే దాదాపు ఒక సెంటీమీటరు దిగేటట్లు సవరించారు. తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగినది. ఇంజను లేచినది, దీపం ఆరినది. బ్యాటరీ వద్ద మల్టీమీటర్ 14.1 వోల్టులు చూపినది. ముందు దీపాలు, వైపర్లు అన్నీ వేసినా 13.8కి దిగలేదు.

ఈ అనుభవం నుండి మేము గ్రహించిన కొన్ని విషయాలు పాఠకుల ముందుంచుతున్నాము. బ్యాటరీ మార్చే ముందు, ఇంజను నడుస్తుండగా దాని వోల్టేజిని కొలిపించండి. సాధారణంగా 13.8 నుండి 14.5 వరకు ఉండాలి. 12.5 దగ్గరే నిలిచిపోతే తప్పు గాదెది కాదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగను ఎన్నడూ తీయకండి. కొందరు దీనినే పరీక్షగా చేస్తారు, కాని ఆ క్షణంలో ఎగసే వోల్టేజికి డయోడ్లు, రెగ్యులేటర్ బలి కావచ్చు. బ్యాటరీ ధ్రువాలను తారుమారు చేయకండి. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు ఆల్టర్నేటర్ తీగలను విప్పించండి. రోటర్ చుట్ట తెగినా, స్టేటర్ మాడినా ఇంటి మరమ్మతుకు పూనుకోక, యంత్రం మొత్తాన్ని మార్చడమే మేలు. అన్నింటికంటే ముఖ్యంగా, తాళం తిప్పగానే వెలగవలసిన దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో రోజూ ఒక్క క్షణం చూడండి.

ఈ చివరి మాట కారుకు మాత్రమే పరిమితం కాదని మా నమ్మకం. గనులలో, యంత్రశాలలలో ఎన్నో సూచికలు, గంటలు, దీపాలు మనకు కాపలా కాస్తుంటాయి. అవి మ్రోగినప్పుడు విసుక్కుంటాము. మ్రోగడం మానితే ఊపిరి పీల్చుకుంటాము. అది ఎందుకు మానినదో విచారించడం కూడా భద్రతలో భాగమే. నాన్నగారి ఊపిరి పణంగా మేము నేర్చుకున్న పాఠమిది.

మేస్త్రి గారు పదవీ విరమణ చేసి స్వగ్రామం వెళ్ళిపోయారు. ఆనాడు ప్రశ్న వేసిన అబ్బాయి ఇప్పుడు స్వయంగా దుకాణం నడుపుకుంటున్నాడు. విశ్వకర్మ పూజనాడు మాకు తప్పక కబురు పంపుతాడు. ఆ అరిగిన బ్రష్షు మా బల్ల సొరుగులో ఇప్పటికీ ఉన్నది. బఠానీ గింజంత కూడా లేని ఆ నల్లని ముక్కను చూసినప్పుడల్లా, పేరు తెలియని ఆ జీపు డ్రైవరుకు మనస్సులోనే నమస్కరించుకుంటాము.

మిత్రులారా, మీ మీ విభాగాలలో ఇటువంటి "వెలగని దీపాలు" మీ కంటపడితే వ్రాసి పంపగోరుతున్నాము. ఈ శీర్షికలో సంతోషంతో ప్రచురిస్తాము.