వైరస్‌కో బొమ్మరిల్లు

ఇంట్లో దొంగ పడితే ముందు ఏ తలుపు తీసుకుని వచ్చాడో చూస్తాం. వైరస్‌ విషయంలోనూ అంతే. ఒంట్లోని కణానికి అతుక్కుంటేనే అది లోపలికి వెళ్లగలదు. చిక్కేంటంటే, కణం పైపొర నిండా రకరకాల ప్రొటీన్లు, చక్కెరలు ఉంటాయి. వాటిలో వైరస్‌ పట్టుకునేది దేన్నో తేల్చడం కష్టం. అందుకే శాస్త్రవేత్తలు ఒకే ఒక్క తలుపున్న బొమ్మరిల్లు కడుతున్నారు. అదే కృత్రిమ కణం!

దీనికి దారి చూపింది బ్రిటన్‌ శాస్త్రవేత్త అలెక్‌ బాంగమ్‌. గుడ్డుసొనలో ఉండే లెసిథిన్‌ అనే కొవ్వును నీళ్లలో కలిపితే దానంతటదే సన్నటి బుడగలుగా మారుతుందని 1960లలో ఆయన బృందం గుర్తించింది. ఆ బుడగల పొర అచ్చం కణం పొరలానే రెండు వరసల కొవ్వుతో ఉంటుంది. వీటినే లైపోజోమ్‌లు అంటారు. ఇలాంటి బుడగల మీదో, ఈ కొవ్వు పొర తొడిగిన సూక్ష్మమైన పూసల మీదో తమకు కావలసిన ఒక్క ప్రొటీన్‌నో చక్కెరనో అమర్చి, వైరస్‌ని వదులుతారు. అతుక్కుందా... అది పట్టుకోగల తలుపు దొరికినట్టే. లేదా... మరోదాన్ని పరీక్షిస్తారు.

ఇంతకీ ఇది తెలిస్తే ఏంటి లాభం? ఫ్లూ సంగతే చూద్దాం. ఫ్లూ వైరస్‌లు సాధారణంగా కణం మీది చక్కెర గొలుసు చివర ఉండే సియాలిక్‌ ఆమ్లాన్ని పట్టుకుంటాయి. అది గొలుసుకు రెండు రకాలుగా అతికి ఉంటుంది. మనుషుల ఫ్లూకి ఒక రకం నచ్చితే, బర్డ్‌ ఫ్లూకి రెండోది నచ్చుతుంది. మన ముక్కు, గొంతుల్లో మొదటి రకమే ఎక్కువ. 1997లో హాంకాంగ్‌లో హెచ్‌5ఎన్‌1 బర్డ్‌ ఫ్లూ 18 మందికి సోకి ఆరుగురిని బలి తీసుకుంది. అయినా అది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకకపోవడానికి ఈ తేడా కూడా ఓ కారణం. కాబట్టి కొత్తగా కనిపించిన బర్డ్‌ ఫ్లూ వైరస్‌ మనుషుల రకం చక్కెరనూ పట్టుకోవడం మొదలుపెడితే అది ప్రమాద ఘంటికే. ఆ మార్పును ముందే పసిగట్టడానికి ఈ పరీక్షలు పనికొస్తాయి. వైరస్‌ని అతుక్కోనివ్వకుండా అడ్డుకునే మందుల్నీ వీటి మీద ప్రయత్నించి చూడొచ్చు.

అయితే ఈ బుడగకు ప్రాణం ఉండదు. అందులో వైరస్‌ తన సంతతిని పెంచుకోలేదు. కాబట్టి అతుక్కున్నాక ఏం జరుగుతుందో పూర్తిగా తెలియాలంటే మళ్లీ సజీవ కణాల దగ్గరికి వెళ్లాల్సిందే. బొమ్మరింట్లో దొరికిన ఆనవాలు అసలింట్లోనూ కనిపిస్తేనే దొంగ దొరికినట్టు!