రూటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

బీరువా తాళాలు మన దగ్గరే ఉంటాయి. పిల్లల టీకాల కార్డు, గ్యాస్ బుక్కు, పొలం పాస్‌బుక్కు ఎక్కడున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అదే ఇంట్లో టీవీ పక్కన ఆకుపచ్చ లైట్లు మిణుకు మిణుకుమంటూ ఉండే ఆ పెట్టె పాస్‌వర్డ్ ఏమిటో చెప్పమంటే మాత్రం "మా ఆయనకి తెలుసు", "మా అబ్బాయి పెట్టాడు" అంటాం. ఎందుకలా?

ఊరికే అనడం లేదు. ఇవాళ ఇంటి సామాను సగం ఆ పెట్టె గుండానే వచ్చిపోతోంది. పెళ్ళి వీడియోలు, మార్కుల మెమోలు, ఇన్సూరెన్స్ కాగితాలు, పోయిన పెద్దవాళ్ళ గొంతులు. వీటికి ఇంట్లో ఒక అటక కూడా కట్టుకోకుండా ఎవరి గోదాములోనో పెట్టి నెలనెలా అద్దె కడుతున్నాం. నేననేది ఒకటే. ఇంటి ఫైళ్ళు ఇంట్లో ఉండాలి, వాటి పెత్తనం ఇంటావిడకి తెలిసి ఉండాలి.

"గూగుల్ ఫొటోస్ ఉందిగా, ఇంకెందుకీ గోల" అంటారు. ఉంది. కాస్త కుదించిన ఫొటోలైతే ఎన్నయినా ఉచితం అన్నారు మొదట్లో. మనకి అలవాటయ్యాక, 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం పోయింది. ఇప్పుడు మెయిలూ, డ్రైవూ, ఫొటోలూ కలిసి 15 జీబీలో సర్దుకోవాలి. నిండితే మెయిళ్ళు రావడం కూడా ఆగిపోతుంది. రెండేళ్ళు తెరవని ఖాతాని తీసేయవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళని తిట్టడం లేదండీ, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. అద్దింట్లో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి కదా, ఇదీ అంతే.

సర్వర్ అనగానే ఏసీ గదీ, వైర్ల అడవీ ఊహించుకోకండి. మా ఇంట్లో సర్వర్ అంటే స్క్రీన్ పగిలిన పాత లాప్‌టాప్. పాత సామాన్లవాడికి వెయ్యబోతుంటే ఆపాను. అందులో లైనక్స్ వేసి, ఒక 4 టీబీ డిస్కు తగిలించి, ఫైళ్ళు పంచుకోవడానికి సాంబా, ఫొటోలకి ఇమ్మిచ్ పెట్టాం. రెండూ ఉచితమే. పదిహేను వాట్లు తాగుతుందనుకుంటే నెలకి పదకొండు యూనిట్లు. కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ కాసేపు కాస్తుంది. రోజంతా ఛార్జింగులోనే ఉంటుంది కాబట్టి ఆ బ్యాటరీ ఉబ్బుతోందేమో అప్పుడప్పుడూ చూసుకోవాలి, అంతే.

అసలు పని రూటర్ దగ్గరుంది. అది ఇంట్లో ప్రతి ఫోనుకీ, టీవీకీ ఒక నంబరు ఇస్తుంది, 192.168.1.7 లాంటిది. ఇవాళ ఇచ్చిన నంబరు రేపు ఉండకపోవచ్చు. సర్వర్‌కి అలా మారితే ఫోను దాన్ని వెతుక్కోలేదు. అందుకని రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్నచోట దానికి ఒకే నంబరు ఖాయం చెయ్యాలి. ఆ పేజీలోకి వెళ్ళే దారి చాలా ఇళ్ళలో పెట్టె అడుగున స్టిక్కరు మీదే రాసి ఉంటుంది. చూసి, లోపలికి వెళ్ళి, ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. ఇంటికొచ్చిన వాళ్ళందరూ చదవగలిగింది తాళమెలా అవుతుంది?

ఇక్కడే సలహారాయుళ్ళు తయారవుతారు. "ఊళ్ళో లేనప్పుడు కూడా ఫైళ్ళు కావాలంటే పోర్టు ఓపెన్ చెయ్యండి ఆంటీ, రెండు నిమిషాల పని" అని. చెయ్యకండి. రూటర్ బయటివాళ్ళకి అడ్డుగోడ. పోర్టు ఓపెన్ చెయ్యడమంటే ఆ గోడకి కన్నం పెట్టడమే. 2017 మేలో ప్రపంచాన్ని ఏడిపించిన వన్నాక్రై దూరింది విండోస్ ఫైళ్ళు పంచుకునే దారిలోని లోపం గుండానే. 2022 జనవరిలో క్యూన్యాప్ డబ్బాలని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టుకున్న వాళ్ళ ఫైళ్ళకి డెడ్‌బోల్ట్ తాళం వేసి డబ్బడిగింది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత బయటి చిరునామాయే ఉండదు, ఎన్నో ఇళ్ళకి కలిపి ఒకటే ఇస్తారు. రూటర్ పేజీలో వాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అంతే, పోర్టు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. టెయిల్‌స్కేల్ లాంటిది ఫోన్లోనూ సర్వర్లోనూ వేసుకుంటే ఏ కన్నమూ అక్కర్లేకుండా మన ఫోను మాత్రమే లోపలికి వెళ్తుంది. నేను చెల్లి ఇంట్లో కూర్చుని అమ్మ పాన్ కార్డు కాపీ తీసింది అలాగే.

దీనికి వ్యతిరేకంగా నాకు గట్టిగా తోచిన మాట ఒకటే. ఇంట్లో పెట్టుకున్నది ఇంటితో పాటే పోతుంది కదా అని. నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు విజయవాడ వాళ్ళం చూశాం, బురదలో నానిన ఆల్బమ్‌లని. రెండు డిస్కులు ఒకే పెట్టెలో జంటగా నడిపితే చాలనుకోవడం కూడా భ్రమే. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది గానీ, పొరపాటున చెరిపేసిన ఫొటో రెండింట్లోంచీ పోతుంది. కాబట్టి ఇంకో కాపీ ఇంకో ఊళ్ళో ఉండాలి. మాది తెనాలిలో, అమ్మ బీరువాలో. ఆ మాటకొస్తే ముఖ్యమైన కాగితాల వరకూ క్లౌడులో కూడా ఒకటి ఉంచండి, నాకేం పంతం లేదు. ఉన్నదల్లా అక్కడే ఉండటం మీదే నా పోట్లాట.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది "ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకు" అనే మాట. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ భర్త హఠాత్తుగా పోయారు. ఫోను తాళం, ఖాతాల పాస్‌వర్డులు అన్నీ ఆయనతోనే పోయాయి. పదకొండో రోజుకి పెట్టడానికి మంచి ఫొటో లేక ఆధార్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించారు. ఇరవై రెండేళ్ళ కాపురం! ఎందుకో ఇప్పుడు అడగండి నన్ను.

ఇంట్లో మగవాళ్ళు సర్వర్ పెడతామంటే అడ్డు చెప్పకండి, పక్కన కూర్చోండి. రూటర్ పేరు, పాస్‌వర్డ్, సర్వర్ నంబరు, డిస్కు తాళం ఒక కాగితం మీద రాయించుకుని, మీ చేత్తో ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. "నీకర్థం కాదులే" అంటే, అర్థమయ్యేట్టు చెప్పేదాకా డబ్బులివ్వనని చెప్పండి. మా కాగితం పాల లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో ఉంది. మా అత్తగారికీ, మా అమ్మాయికీ చూపించాను.