డాబా మీద తీపి మొక్కజొన్న

పిట్టగోడ వెంట ఒకే వరుసగా కుండీలు పేర్చి స్వీట్‌కార్న్ నాటిన ఇళ్ళు మా తాడేపల్లిలో అక్కడక్కడా కనిపిస్తున్నాయి. మొక్కలు ఏపుగానే పెరుగుతాయి, పొత్తులూ వస్తాయి. తీరా ఒలిచి చూస్తే పళ్ళూడిన నోరులా ఇక్కడ నాలుగు గింజలు, అక్కడ రెండు గింజలు. విత్తనం నకిలీదనీ, ఎరువు చాలలేదనీ ఇంటివారు అనుకుంటారు. చాలాసార్లు కారణం ఆ రెండూ కావు. కుండీలు పెట్టిన తీరే కారణం.

మొక్కజొన్నకు మగపూత తల మీద, ఆడపూత నడుము దగ్గర ఉంటాయి. పొత్తు చివర వేలాడే పీచులో ఒక్కొక్క పోగు లోపలి ఒక్కొక్క గింజకు చెందినది. ఆ పోగు మీద పుప్పొడి పడితేనే ఆ గింజ కడుతుంది. పడకపోతే ఆ చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఈ పుప్పొడిని మోసేది ముఖ్యంగా గాలి. పొలంలో వేల మొక్కలుంటాయి కనుక గాలి ఏ దిక్కు నుంచి వీచినా ఇబ్బంది లేదు. డాబా మీద వరుసగా ఆరు మొక్కలే ఉంటే, కృష్ణ మీదుగా వచ్చే గాలికి పుప్పొడి అంతా పక్కింటి వాకిట్లో రాలుతుంది.

అందువల్ల కుండీలను చదరంగా పెట్టాలి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు తొమ్మిది తీసుకొని, అడుగున రంధ్రాలు చేసి, మూడేసి చొప్పున మూడు వరుసలుగా దగ్గర దగ్గరగా అమర్చి, ఒక్కొక్కదానిలో రెండు మొక్కలు ఉంచితే పద్దెనిమిది మొక్కలవుతాయి. మొక్కకు ఒక మంచి పొత్తు వస్తే చాలుననుకోవాలి. తడిసిన మట్టితో ఈ తొమ్మిది బకెట్లూ రెండు క్వింటాళ్ళు దాటి తూగుతాయి. పాత ఇళ్ళవారు వీటిని శ్లాబు నడుమ కాక, కింద గోడ ఉన్న చోట పెట్టుకోవడం క్షేమం.

మన ప్రాంతపు నల్లరేగడి పత్తికి బంగారమే గాని బకెట్టుకు పనికిరాదు. తడిస్తే ముద్ద కడుతుంది, ఆరితే బీటలు వారి వేళ్ళను తెంపుతుంది. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి గుప్పెడు వేపపిండి చేర్చాలి. మొక్కజొన్నకు ఆకలి ఎక్కువ. మోకాలెత్తు పెరిగినప్పుడు ఒకసారి, మగపూత తొంగిచూసినప్పుడు మరొకసారి వానపాముల ఎరువు వేయాలి. పీచు వచ్చిన రోజుల్లో ఒక్కపూట కూడా మట్టి ఎండనీయరాదు.

విత్తడానికి నవంబరు మొదటి వారం మంచి అదను. మండువేసవిలో పూతకు వస్తే పుప్పొడి చచ్చిపోతుంది, పీచు మాడుతుంది. మరో కారణం కూడా ఉన్నది. దుగ్గిరాల, తెనాలి వైపు వరి కోసిన మాగాణుల్లో దుక్కి దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు. ఆ పుప్పొడి మన పీచు మీద పడితే గింజ తీపి తగ్గి పిండిగా మారుతుంది. నవంబరులో నాటినది డిసెంబరు చివరకే పీచు వేస్తుంది కనుక పొలాల పూతతో కలవదు. ఊరి నడుమ ఉండేవారికి ఈ బెడద లేదు. పొలాలకు ఆనుకొని ఉన్నవారు గమనించాలి.

చదరంగా పెట్టినా, మన చేతి సాయం కొంత అవసరమే. ఉదయం మంచు ఆరాక, ఎండ ముదరకముందు, మగపూతను ఒక కాగితం మీద దులిపి, ఆ పసుపుపచ్చని పొడిని పీచు మీద చల్లాలి. నాలుగైదు రోజులు వరుసగా చేయాలి. మదీనా రైతులు ఖర్జూర చెట్లకు ఇటువంటి పనే చేసేవారు. మగపూతను ఆడపూతకు చేర్చేవారు. ఒక ఏడు ఆ పని మానుకోగా కాపు తగ్గినదనీ, ఇటువంటి లౌకిక వృత్తుల సంగతి ఆ పని ఎరిగినవారికే బాగా తెలుసునని దైవప్రవక్త (స) అన్నారనీ సహీహ్ ముస్లింలో ఉన్నది. ఈ పాఠం చెప్పేటప్పుడు మా విద్యార్థులకు ఖర్జూర చెట్టు చూపడం నాకు సాధ్యం కాదు, మొక్కజొన్న పీచు చూపుతాను.

ఇక పురుగు సంగతి. 2018లో కర్ణాటకలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు ఆ తరువాత మన జిల్లాలకూ వచ్చింది. అది మొక్క మొవ్వులో దాగి ఆకులను జల్లెడలా తినివేస్తుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. మిర్చికో పత్తికో కొట్టగా మిగిలిన మందు సీసాలు మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉంటాయి. వాటిలోది ఒక మూతెడు బకెట్టు మొక్కలకు కొడితే ఏమవుతుందిలే అనుకోవడం కద్దు. పొలంలో కొట్టిన మందుకూ కోతకూ నడుమ గడువు పాటిస్తారు, పిల్లలను అటు రానివ్వరు. డాబా మీద బట్టలు ఆరవేస్తాం, వడియాలు పెడతాం, పిల్లలు ఆడతారు, వచ్చీపోయే పసివాడు పొత్తు తుంచి పచ్చిదే కొరుకుతాడు. పద్దెనిమిది మొక్కలను కాపాడడానికి విషం అక్కరలేదు. ప్రతి ఉదయం మొవ్వులు విప్పి చూసి పురుగును, ఆకు మీది గుడ్ల ముద్దను చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేయాలి. మొవ్వులో చిటికెడు పొడి ఇసుక పోయడం చిన్న రైతులెరిగిన ఉపాయమే. ఆ సీసాలను మాత్రం ఇంట ఉంచనేవద్దు.

పీచు కనిపించిన ఇరవై రోజులకు అది గోధుమరంగు తిరిగి ఎండుతుంది. అప్పుడు పొర కొంచెం తొలగించి గింజను గోటితో నొక్కాలి. నీళ్ళు వస్తే ఆగాలి, పాలు వస్తే కోయాలి, ముద్దగా ఉంటే ఆలస్యమైనట్టే. కోసిన క్షణం నుంచే చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. సాధారణ తీపి రకాలు మన వేడిలో ఒక్క రోజులోనే సగం తీపి పోగొట్టుకుంటాయి. ఖర్చు లెక్క చూస్తే బండి మీద కొనడమే చవక, అందులో సందేహం లేదు. పొయ్యి మీద నీళ్ళు కాగుతుండగా పొత్తు తెంపుకొని రావడం మాత్రం డాబా ఉన్నవారికే చెల్లుతుంది.

కోత అయ్యాక పచ్చిచొప్పను మేకలకు వేయవచ్చు. సంకర విత్తనపు గింజను మళ్ళీ నాటితే తల్లి గుణం నిలవదు కనుక దాచిపెట్టనక్కరలేదు. ఖాళీ అయిన బకెట్లలో వెంటనే మరోసారి మొక్కజొన్న వేయక పెసలో మినుములో చల్లితే, పీల్చుకున్న సారంలో కొంతైనా ఆ మట్టికి తిరిగి దక్కుతుంది.