54 గంటల్లో సంఘం పుడుతుందా?

స్త్రీల కోసం ఒక సంస్థ పెట్టాలనుకునే యువతులకు ఈమధ్య ఒక సలహా తరచుగా వినిపిస్తోంది: "ముందు ఒక స్టార్టప్ వీకెండ్‌కి వెళ్లి రండి." ఇదివరకు కొత్త కార్యకర్తకు తొలిబడి బస్తీ, పల్లె, రాత్రిపూట సంఘం మీటింగు. ఇప్పుడు ఆ చోటులోకి వారాంతపు పోటీలు వస్తున్నాయి. వీటిని వెక్కిరించి ఊరుకోవడమూ, కొత్తవి కదా అని కళ్లకద్దుకోవడమూ రెండూ సరికాదు. అక్కడ ఏం నేర్పుతున్నారు, ఏం మరిపిస్తున్నారు అన్నది మనం చర్చించుకోవాలి.

ఈ పద్ధతి 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ పట్టణంలో మొదలయింది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా 54 గంటలు. మొదటి రాత్రి ఎవరి ఆలోచనను వారు 60 సెకన్లలో చెప్పాలి. వచ్చినవాళ్లే ఓట్లు వేసి కొన్నింటిని ఎంచుకుంటారు. మిగతావాళ్లు వాటి చుట్టూ జట్లుగా చేరతారు. చివరి సాయంత్రం న్యాయనిర్ణేతలు చూసేవి ముఖ్యంగా మూడు: కావాలనేవాళ్లు ఉన్నారని రుజువు చేశారా, పనిచేసే నమూనా తయారైందా, వ్యాపారం ఎలా నడుస్తుంది. హైదరాబాదులో 2015లో టి-హబ్, 2018లో స్త్రీల కోసం వీ-హబ్ వచ్చాక ఈ భాష మనకూ అలవాటయింది.

గృహకార్మికులతో ఒక సంఘం నిర్మించాలన్న ఆలోచనతో, ఇదే తరహాలో జరిగిన ఒక కార్యక్రమానికి నేనూ వెళ్లాను. చెప్పాను, ఓట్లు పడ్డాయి, ఆరుగురు చేరారు. శనివారం మధ్యాహ్నానికి సంఘం కాస్తా పనివాళ్లను కుదిర్చిపెట్టే యాప్ అయింది. రాత్రికి అందులో, యజమానురాలు పనిచేసే ఆమెకు నక్షత్రాలతో మార్కులు వేసే ఏర్పాటు వచ్చింది. పనిచేసే ఆమె యజమానురాలికి మార్కులు వేసే ఏర్పాటు ఎందుకు లేదని అడిగితే, "డబ్బు కట్టేది వాళ్లు కదా మేడమ్" అన్నాడు జట్టులోని ఒక కుర్రవాడు. అతనిలో దురుద్దేశమేమీ లేదు. అక్కడి లెక్క ప్రకారం అతను చెప్పింది సరైనదే. మనకు పేచీ ఆ లెక్కతోనే.

డబ్బు కట్టేవాళ్లెవరు అన్న ప్రశ్న వ్యాపారానికి న్యాయమైనదే. కానీ హక్కుల పనిలో అవసరం ఒకరిది, దాన్ని తీర్చవలసిన బాధ్యత మరొకరిది. వారానికొక సెలవును ఎవరు కొంటారు? పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం గృహకార్మికులకూ వర్తిస్తుంది. ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలి. గృహకార్మికురాలి ఫిర్యాదులో ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే ఆ కమిటీ ఏడు రోజుల్లోగా దాన్ని పోలీసులకు పంపాలి. ఈ సంగతి ఆమెకు తెలియజెప్పడం, భయపడితే తోడుగా కలెక్టరేటు మెట్లెక్కడం, కమిటీ లేకపోతే ఎందుకు లేదని నిలదీయడం - వీటిలో అమ్మకానికి పెట్టగల సరుకు ఏదీ లేదు. గృహకార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించినప్పుడు మన ప్రభుత్వం అనుకూలంగా ఓటు వేసింది; ఈనాటికీ దాన్ని ధ్రువీకరించలేదు. ప్రభుత్వం చేత ఆ పని చేయించడానికి ఏ నమూనా తయారు చేస్తారు?

1972లో అహ్మదాబాదులో ఇలా భట్ 'సేవ'ను కార్మిక సంఘంగా నమోదు చేయమని వెళ్లినప్పుడు కార్మిక శాఖ ఒప్పుకోలేదు. యజమాని లేని స్త్రీలకు సంఘమేమిటి, ఎవరితో పోరాడతారు అన్నది వారి అభ్యంతరం. సంఘమంటే ఒకరికి వ్యతిరేకంగా మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల ఐక్యత కోసం అని వాళ్లు వాదించి గెలిచారు. 1974లో 4,000 మంది స్త్రీలు తలా పది రూపాయల వాటాతో సొంత బ్యాంకు పెట్టుకున్నారు. అక్కడ కూడా డబ్బుంది, లెక్కలున్నాయి, నిర్వహణ ఉంది. తేడా అల్లా యజమానులెవరన్నదే.

ఆ తేడా చెరిగిపోతే ఏమవుతుందో తెలుగునేలకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌.కె.ఎస్‌. 1997లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలై, 2005లో లాభాపేక్ష గల కంపెనీగా మారి, 2010 ఆగస్టులో షేర్‌మార్కెట్‌కెక్కింది. అదే ఏడాది మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రంగమంతటిపైనా ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. స్త్రీలను సభ్యులుగా కాక ఖాతాదారులుగా చూసే చూపు ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు చూశాం.

అలాగని ఆ వారాంతాల్లో నేర్చుకోదగినది లేదనను. ఊహలతో కూర్చోకుండా బయటికి వెళ్లి మనుషులను అడగమంటారు. చెప్పేది క్లుప్తంగా చెప్పమంటారు. ఖర్చు ఎంతో కాగితం మీద పెట్టమంటారు. దాత ఇచ్చిన అంశాల జాబితా చూసి, బస్తీలో ఎవరినీ అడగకుండా ప్రాజెక్టు రాసే మన సంస్థలకు ఈ పాఠాలు అవసరమే.

యువతులను తప్పుపట్టడమూ న్యాయం కాదు. వాళ్లకు వేరే తలుపులు మూసుకుపోతున్నాయి. విదేశీ విరాళాలకు రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. అంతకుముందు కొత్తవాళ్లు పెద్ద సంస్థల నీడన, వాటి ద్వారా వచ్చే కొద్దిపాటి నిధులతో నిలదొక్కుకునేవాళ్లు. 2020 సవరణ ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని మరో సంస్థకు ఇవ్వడాన్నే నిషేధించింది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఇక పెట్టుబడిదారుల దగ్గరికి వెళదామంటే, సొసైటీ అయినా, ట్రస్టు అయినా, 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షను కంపెనీ అయినా మిగులును పంచుకోవడానికి లేదు. వాళ్లకివ్వడానికి మన దగ్గర వాటా ఉండదు. ఈ సంగతి మొదటి రాత్రే చెప్పేవాళ్లుంటే, ఎందరో యువతులు తమ ఆలోచనను వ్యాపారపు అచ్చులో పోసుకునే శ్రమ తప్పుతుంది.

కనుక ఆ పని మనమే చేయాలి. రెండు రోజుల శిబిరాలను మహిళా సంఘాలే నడపవచ్చు. తెలుగులో నడపాలి. రాత్రుళ్లు కాక పగలు జరగాలి, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఆదివారం గృహకార్మికులకు సెలవు కాదు; చుట్టాలొచ్చి గిన్నెలు రెట్టింపయ్యే రోజు. కాబట్టి వాళ్లకు వీలైన రోజే పెట్టుకోవాలి, పోయిన కూలి కట్టివ్వాలి. ఎవరి సమస్యపై సంస్థ పెడుతున్నారో వాళ్లు కనీసం సగం మంది ఉండాలి. సొసైటీకి కావలసిన ఏడుగురు ఎవరు, నియమావళి ఎవరు రాస్తారు, సంతకం అధికారం ఎవరిది, లెక్కలు ఎవరికి చదివి వినిపిస్తారు - వీటిని అక్కడే తేల్చుకోవాలి. చివరి రోజు న్యాయనిర్ణేతల స్థానంలో బస్తీ స్త్రీలు కూర్చోవాలి. బహుమతి అక్కర్లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ కలిసి ఏం జరిగిందో చెప్పుకుంటే చాలు.

నక్షత్రాల యాప్‌కు 54 గంటలు సరిపోవచ్చు. యజమానురాలి ఎదుట నిలబడి "నెలకు నాలుగు సెలవులు కావాలమ్మా" అని ఒక స్త్రీ అనగలగడానికి, అన్నందుకు పని పోతే పక్కింటి ఆమె ఆ పనిలో చేరకుండా ఉండడానికి ఎంతో కాలం పడుతుంది. ఆ కాలాన్ని ఇవ్వడానికి సిద్ధపడే యువతులు మన మధ్యే ఉన్నారు. వాళ్లు పోటీల గుమ్మాల దగ్గర నిలబడక ముందే మన సంఘాల తలుపులు తెరవాలి.