ప్రాణం పోసినవారిదా, అడవిదా?

చైత్ర వైశాఖాల్లో కాలబైశాఖి గాలి లేచిందంటే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో చెట్ల కొమ్మలు నిలవవు. మర్నాడు ఊళ్లోని మలంచా వీధుల్లో విరిగిన కొమ్మల కింద చిలుక పిల్లో, కళ్లు తెరవని ఉడత పిల్లో ఎవరి కంటో పడుతుంది. ఇంటికి తెచ్చినవాళ్లు మొదట చేసే పని దూదిని పాలలో ముంచి నోట్లో పిండటం. ఆ జాలిని తప్పుపట్టే మనిషి ఉండడు. కానీ పక్షి కడుపుకు పాలు అరగవు. ఉడత పిల్లకు ఆవుపాలు విరేచనాలు తెప్పిస్తాయి. పిండిన చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పిల్లను వెచ్చగా ఉంచి, గూడు అందితే తిరిగి గూట్లో పెట్టాలి. అందకపోతే అదే చెట్టుకు చిన్న బుట్ట కట్టి, అందులో ఉంచి, దూరం నుంచి తల్లి కోసం కనిపెట్టాలి. చాలాసార్లు అంతకుమించిన సాయం అక్కర్లేదు. మనిషి చేయి తగిలితే తల్లి పక్షి పిల్లను దగ్గరికి రానివ్వదన్న మాట వట్టి అపోహ.

అడవి ప్రాణితో మనిషికి కుదిరే బంధంలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కాపాడాలన్న తపన మనకు పుట్టుకతో వస్తుంది. ఎలా కాపాడాలో, ఎప్పుడు చేయి తీసేయాలో మాత్రం నేర్చుకోవాల్సిందే. ఆ నేర్పు లేని ప్రేమ ప్రాణిని మనిషికి కట్టేస్తుంది. ఆ ప్రేమను అర్థం చేసుకోని చట్టం దాన్ని బోనుకు కట్టేస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఉండాల్సిన దారిని మన దేశం ఇంకా సరిగా వేయలేదు.

ఆ లోటు 2023లో దేశమంతటి కంట పడింది. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా రైతు మహమ్మద్ ఆరిఫ్‌కు అంతకు ముందు ఏడాది పొలంలో కాలు విరిగిన సారస పక్షి దొరికింది. కట్టు కట్టి, తిండి పెట్టి బతికించాడు. నయమయ్యాక పక్షి వెళ్లిపోలేదు. అతను దాన్ని ఏనాడూ కట్టేయలేదు, బోనులో పెట్టలేదు. అయినా అతని మోటారుసైకిల్ వెంట ఎగురుతూ వచ్చేది, అతని పళ్లెంలోనే తినేది. ఆ వీడియోలు దేశమంతా తిరిగాక, 2023 మార్చి 21న అటవీ శాఖ దాన్ని రాయ్‌బరేలీ జిల్లాలోని సమస్‌పూర్ పక్షుల అభయారణ్యానికి తరలించింది. అది అక్కడ నిలవలేదు. బయటకు ఎగిరి దగ్గరి ఊళ్లో తేలింది. ఆ తర్వాత కాన్పూర్ జూకు చేర్చారు. ఆరిఫ్ మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పెట్టారు. ఏప్రిల్‌లో అతను జూకు వెళ్లినప్పుడు, కంచె అవతల ఆ పక్షి అతన్ని గుర్తుపట్టి రెక్కలు విప్పి గెంతులేసింది. చూసినవాళ్ల గుండె కలుక్కుమంది.

చట్టం వైపు నుంచి కూడా చూడాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, చట్టానికి విరుద్ధంగా పట్టిన, పెంచిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటి ప్రాణి ఎవరి చేతికైనా చిక్కితే 48 గంటల్లో పోలీసు స్టేషన్‌కు గానీ అధీకృత అధికారికి గానీ తెలపాలి. ఈ నిబంధనే లేకపోతే చిలుకలు, మైనాలు, తాబేళ్లు పట్టి అమ్ముకునే ప్రతివాడూ ‘గాయపడి దొరికింది, పెంచుకుంటున్నాను’ అంటాడు. కాబట్టి నిబంధన ఉండాల్సిందే. అయితే దాని పని ప్రాణిని అడవికి దగ్గర చేయడం. ఏడాదిపాటు ఇష్టం వచ్చిన చోటికి ఎగిరిన పక్షి చివరికి కంచె వెనుక చేరిందంటే, నిబంధన అమలైంది గానీ ఉద్దేశం నెరవేరలేదు.

సారస లాంటి కొంగ జాతులకు మనిషి అలవాటైతే ఏమవుతుందో ప్రపంచానికి ముందే తెలుసు. 1966లో అమెరికాలోని శాన్ ఆంటోనియో జూలో ‘టెక్స్’ అనే హూపింగ్ కొంగ పుట్టింది. అప్పటికి ఆ జాతి పక్షులు పదుల సంఖ్యలోనే మిగిలాయి. పిల్లను బతికించాలని జూ అధికారి ఇంట్లో పెట్టుకుని సాకాడు. కళ్లు తెరిచిన నాటి నుంచి మనుషులనే చూసిన టెక్స్, తాను మనిషి జాతి అనుకుంది. పెద్దయ్యాక మగ కొంగలను దగ్గరకే రానివ్వలేదు. విస్కాన్సిన్‌లోని అంతర్జాతీయ కొంగల ఫౌండేషన్‌కు చెందిన జార్జ్ ఆర్చిబాల్డ్ 1976 నుంచి దాని ఎదుట తానే చేతులు ఆడిస్తూ, గెంతుతూ కొంగ నాట్యం చేశాడు. దాన్ని జత కట్టే స్థితికి తెచ్చి, కృత్రిమ గర్భధారణ చేయించి, కొన్నేళ్ల ప్రయత్నం తర్వాత 1982లో ఒకే ఒక్క పిల్లను దక్కించుకున్నారు. అంత కష్టం పడ్డాక ఆ సంస్థ పద్ధతి మార్చింది. అడవికి వదలాల్సిన పిల్లలను సాకే సిబ్బంది తల నుంచి కాళ్ల దాకా తెల్లని ముసుగు వేసుకుంటారు. చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కుని దాని ముక్కుతోనే మేత అందిస్తారు. పిల్ల ఎదుట నోరు విప్పి మాట్లాడరు. సాకిన మనిషి ముఖం ఆ పిల్లకు ఎన్నటికీ తెలియదు.

ఏనుగు సంగతి వేరు. తల్లిని పోగొట్టుకున్న గున్నకు పాలు ఎంత ముఖ్యమో పక్కన ఒక తోడు అంతే ముఖ్యం. కెన్యాలో డాఫ్నే షెల్డ్రిక్ దశాబ్దాల పాటు గున్నల పాల కోసం అవస్థ పడింది. ఆవుపాలలోని కొవ్వు వాటికి అరగదు. చివరికి కొబ్బరి నూనె కలిపిన మిశ్రమం దారి చూపింది. అయితే ఆ పాలతో బతికిన ‘ఐషా’ అనే గున్న తర్వాత చనిపోయింది. కూతురి పెళ్లికని డాఫ్నే కొన్నాళ్లు ఊరు వెళ్తే, అది బెంగతో తిండి మానేసింది. ఒక్క మనిషికే అతుక్కోనివ్వడం తన వల్ల జరిగిన పొరపాటని డాఫ్నే గ్రహించింది. ఆనాటి నుంచి అక్కడ ఎందరో కాపరులు వంతులవారీగా గున్నల పక్కన పడుకుంటారు. ప్రేమకు కొరత ఉండదు, ఆ ప్రేమ ఒక్కరి దగ్గరే ఆగిపోదు. తమిళనాడు ముదుమలైలోని తెప్పకాడు శిబిరంలో బొమ్మన్, బెల్లి దంపతులు రఘు అనే గున్నను కన్నబిడ్డలా పెంచారు. వారి కథతో తీసిన లఘు చిత్రానికి 2023లో ఆస్కార్ వచ్చింది. రఘు కాస్త పెద్దయ్యాక శిబిరంవారు దాన్ని మరొకరికి అప్పగించారు. ఆ దంపతులు ఎంత కుమిలారో చిత్రం చూసినవారికి తెలుసు. చేతికొచ్చిన మరో గున్నను కూడా వాళ్లు అదే ప్రేమతో సాకారు.

పులికి కావలసింది దూరం. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం ఊరి దగ్గర నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. కుక్కలు కరవకుండా ఊరివాళ్లే వాటిని ఒక గదిలో దాచారు. అటవీ శాఖ టీ108 అనే తల్లి పులి కోసం నల్లమలను జల్లెడ పట్టింది. కూనలను అడవిలోకి తీసుకెళ్లి ఉంచినా తల్లి జాడ లేదు. కొద్ది రోజుల్లోనే వాటిని తిరుపతి ఎస్వీ జూకు పంపారు. తల్లిలేని కూనలను అడవికి వదలాలంటే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నిబంధనలు కఠినంగా ఉన్నాయి. కనీసం రెండేళ్లు ఆవరణలో మనిషికి అలవాటు పడకుండా పెరగాలి, ఒక్కో కూన కనీసం 50 సార్లు సొంతంగా వేటాడి ఉండాలి. ఇది అసాధ్యమేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని కన్హాలో 2005లో తల్లిని కోల్పోయిన రెండు ఆడ కూనలను ఆవరణలో పెంచి 2011లో పన్నా అడవిలో వదిలారు. అవి వేటాడాయి, పిల్లలను కన్నాయి. పులులు పూర్తిగా అంతరించిన పన్నా మళ్లీ నిండటంలో వాటికీ వాటా ఉంది. వాటిని సాకినవారు వాటి కంట పడకుండా ఉండటమే అక్కడ ప్రేమ.

ఒక్కో ప్రాణికి ఒక్కో తీరు బంధం అవసరమని ఈ ఉదాహరణలన్నీ చెబుతున్నాయి. ఏ ప్రాణిని ఎంత దగ్గరకు తీయాలో మలంచాలో పిల్లను చేతిలోకి తీసుకున్న ఇల్లాలికి ఎవరు చెప్పాలి? చెప్పే యంత్రాంగం ఆమెకు అందుబాటులో లేనప్పుడు, 48 గంటల గడువు దాటిందని ఆమెను నేరస్థురాలిని చేయడం న్యాయం కాదు.

ఖరగ్‌పూర్‌కు ఈ ప్రశ్న దూరపు సంగతి కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడిన ఈ ఊరి చుట్టూ సాల అడవులున్నాయి. 1980ల చివరి నుంచి దల్మా కొండల ఏనుగులు ఏటా పశ్చిమ మేదినీపూర్ దాకా దిగుతున్నాయి. 2018 ఏప్రిల్‌లో మేదినీపూర్ దగ్గరి అడవిలో ఒక పెద్ద పులిని వేటగాళ్లు పొడిచి చంపారు. 2025 జూలైలో ఖరగ్‌పూర్–టాటానగర్ మార్గంలో బాంస్తలా దగ్గర, అర్ధరాత్రి దాటాక, జనశతాబ్ది ఎక్స్‌ప్రెస్ ఢీకొని ఒక పెద్ద ఏనుగు, రెండు పిల్లలు చనిపోయాయి. ఆ పట్టాల మీదే ఈ ఊరి అన్నం పుడుతోంది. అనాథ గున్నను సాకడం గొప్ప పనే. గున్న అనాథ కాకుండా బండి వేగం తగ్గించడం అంతకంటే గొప్ప పని.

నడుమ దారి ఎలా ఉంటుందో అస్సాంలో చూడవచ్చు. కాజీరంగా పక్కన 2002లో మొదలైన వన్యప్రాణి పునరావాస కేంద్రం, వరదల్లో కొట్టుకొచ్చిన ఖడ్గమృగం పిల్లలను సీసాపాలతో పెంచి, 2006 నుంచి మానస్ అడవికి పంపింది. అలా వెళ్లిన ఆడవి అక్కడ పిల్లలను కన్నాయి. అక్కడ సాకే మనుషులకు శిక్షణ ఉంది, పశువైద్యులు ఉన్నారు, ప్రాణి చేరిన రోజు నుంచే అది వెళ్లిపోయే రోజుకు లెక్క ఉంది.

మన దగ్గర చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. ఝార్గ్రామ్ జూ, కోల్‌కతా సాల్ట్‌లేక్ కేంద్రం ఉన్నా, దొరికిన పిల్లకు మొదటి కొన్ని గంటలే కీలకం. అందుకే ఖరగ్‌పూర్ అటవీ డివిజన్ ఊళ్లోనే తొలి చికిత్స గదిని, రాత్రీ పగలూ పలికే ఫోను నంబరును ఏర్పాటు చేయాలి. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది గనుక, ఏ పిల్లకు ఏం పెట్టకూడదో చెప్పే కరపత్రం తెలుగులోనూ రావాలి. మలంచా, నింపురా, మథురాకాటి తెలుగు సంఘాలు, బడులు దాన్ని ఇంటింటికీ చేర్చగలవు. ఏనుగులు దాటే చోట్ల రాత్రిపూట బండ్ల వేగం మీద రైల్వే, అటవీ శాఖ కలిసి నిర్ణయం తీసుకోవాలి, దాన్ని పాటించాలి.

అన్నిటికంటే ముఖ్యం, చట్టం అమలులో ఒక మార్పు. సదుద్దేశంతో కాపాడి, తానే వచ్చి తెలిపిన మనిషి మీద గడువు దాటినా కేసు ఉండకూడదు. ప్రాణిని తీసుకెళ్లేటప్పుడు దానికి ఏం అలవాటైందో, దేనికి బెదురుతుందో ఆ మనిషిని అడిగి రాసుకోవాలి. ప్రాణికి మనిషి అలవాటును మెల్లగా మాన్పించే రోజుల్లో అవసరమైతే ఆ మనిషి సాయమే తీసుకోవాలి. అడవికి వదిలాక ఆ కబురు అతనికి చెప్పాలి. కాపాడినవారికి ప్రాణి మీద యాజమాన్యం రాదు. దాని బాగోగులు అడిగే హక్కు మాత్రం వారికి ఉంది. ఆ హక్కును ప్రభుత్వం ఒప్పుకున్న రోజున, దొరికిన పిల్లను దాచుకోవాల్సిన భయం పోతుంది, జనం తమంతట తామే తెచ్చి అప్పగిస్తారు.