ముద్ద పెట్టిన చేయి

మా వీధి చివర కిరాణా కొట్టు మెట్ల కింద ఓ గోధుమరంగు కుక్క ఉండేది. రాత్రి మిగిలిన అన్నంలో కాస్త మజ్జిగ కలిపి గేటు బయట పెట్టడం నాకలవాటు. ఊళ్లో మా నాయనమ్మా అంతే. 'నోరులేని జీవం, ఇంత ముద్ద పెడితే మన సొమ్మేం పోయింది' అనేది. హైదరాబాదు వచ్చినా ఆ అలవాటు మానలేదు.

రెండేళ్ల కిందట అది మా గేటు పక్కనే ఆరు పిల్లల్ని పెట్టింది. చూసి నేనూ మురిసిపోయాను. వారం తిరక్కుండానే మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు, ఏడేళ్లవాడు, బంతి కోసం అటు వెళితే తల్లికుక్క వాడి పిక్క పట్టేసింది. వాళ్లమ్మ గాయానికి పసుపూ కారం అద్ది, గుడ్డ కట్టి పనిలోకి వచ్చేసింది. సాయంత్రం మాటల్లో చెబితే నాకు గుండె జారిపోయింది.

ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఇద్దరికీ చీవాట్లు పెట్టారు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని సామెత చెప్పుకుంటాం గానీ, అసలు మొదటి వైద్యం సబ్బూ, ధారగా పారే నీళ్లూ. పావుగంటసేపు కడగాలి. కారం, సున్నం, ఆకుపసర్లు ఏవీ పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్క సూదీ తప్పకూడదు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ వేరే మందు కూడా ఎక్కిస్తారు. రేబిస్ లక్షణాలు పైకి కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే 'చిన్న గీతేగా' అని ఊరుకోకూడదు.

ఆసుపత్రి నుంచి వస్తూ ఆ అమ్మాయి ఒక్క మాటంది. 'అన్నం పెట్టింది మీరమ్మా, కరిచింది మా వాణ్ణి. మీకేం, గేటు లోపలుంటారు.'

నా దగ్గర జవాబు లేదు. సూది మందు ఉచితమే. కానీ వెళ్లిన ప్రతిసారీ ఆమెకు మిగతా ఇళ్లలో పని పోయింది. నా దయకు వెల ఆమె కట్టింది.

కాలనీలో మీటింగు పెట్టారు. 'వ్యాను పిలిచి ఊరవతల వదిలేయండి' అన్నారు సగం మంది. 'మూగజీవాల ఉసురు తగులుతుంది' అన్నారు మిగతావాళ్లు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు చంపేసిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఆ తల్లి కడుపుకోత ముందు ఏ వాదనా నిలవదు. అయితే ఇక్కడి కుక్కను తరిమితే చెత్తకుప్ప ఎక్కడికీ పోదుగా! దానికోసం ఇంకో కుక్క వస్తుంది. ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని పెట్టగలదు కాబట్టి లెక్క మళ్లీ మొదటికే.

పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలని 2001 నాటి నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టూ అదే అంది. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది. బళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకూడదని నవంబరు 7న చెప్పింది.

పిల్లలు పాలు మరిచాక కార్పొరేషన్‌కు ఫోన్లు చేసి చేసి వ్యాను రప్పించాం. కొత్తవాళ్లను చూసి అది పారిపోతుంటే, అన్నం గిన్నెతో నేనే ముందు నిలబడ్డాను. నా చేతిని నమ్మి వచ్చి వలలో పడింది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. కొన్నాళ్లకు చెవి కొసన చిన్న గాటుతో తిరిగొచ్చింది. ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు. ఆరు పిల్లల్లో మూడే మిగిలాయి. వాటికీ పెరిగాక అలాగే చేయించాం.

ఇప్పుడు గిన్నె మా గేటు దగ్గర లేదు. పిల్లలాడుకునే చోటికి, గుమ్మాలకు దూరంగా, కాలనీ సంఘం చూపించిన గోడ పక్కన, ఒకే వేళకు పెడతాం. తిన్నాక గిన్నె తీసేస్తాం. చెత్త సంచులు రాత్రిపూట వీధిలో పెట్టొద్దని ఇంటింటికీ చెప్పాం. విన్నవాళ్లు విన్నారు.

ఆ బాబు మాత్రం ఇప్పటికీ ఆ గోడ దగ్గరికొస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు. వాడి భయానికి నా వంతు ఉంది. నాయనమ్మ చెప్పింది తప్పు కాదు గానీ, ఈ ఇరుకు వీధుల్లో ముద్ద పెట్టడంతోనే మన పని తీరిపోదు.

ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు మీ వీధి కుక్క చెవి ఓసారి చూడండి. గాటు లేకపోతే, రేపు పొద్దున చేయాల్సిన ఫోను ఒకటుంది.